అక్క చేతి పరీక్ష

జూన్ 3, మంగళవారం

అక్క ఈ రోజు కూడా పెట్టె విప్పలేదు.

అది ఇంటికొచ్చి తొమ్మిది రోజులైంది. ముందు గదిలో, కుట్టు మిషను పక్కన, వచ్చింది వచ్చినట్టే కూర్చుని ఉంది. లోపల ఇల్లు ఊడ్చే యంత్రం. గుండ్రంగా పళ్ళెంలా ఉంటుందట, తనంతట తానే గదులన్నీ తిరిగి ఊడుస్తుందట. అక్క ఆ పెట్టె మీద కుట్టడం అయిపోయిన స్కూలు యూనిఫాంలు మడతపెట్టి పేరుస్తోంది. ఇంకో వారం ఆగితే మా ఇంట్లో ఒక బల్ల పెరుగుతుంది.

పొద్దున టీ ఇస్తూ, ఏదో మాటవరసకి అన్నట్టు, "ఇవాళ కాస్త తీరికేనా అక్కా?" అన్నాను.

"సాయంత్రం కర్టెన్లావిడ వస్తుందే," అంది.

నిన్న ప్యాంట్లవాళ్ళు. మొన్న సోఫా కవర్లవాళ్ళు. ఎప్పుడూ లేనిది, జనానికి బట్టలన్నీ ఒక్కసారే చిరిగిపోయాయి కాబోలు.

రాయడం మరిగిన చెయ్యి ఖాళీగా ఉండలేదు. బ్లాగులో రాయాలంటే అక్క చేతులు కావాలి. ఇక్కడైతే నా చెయ్యి ఒక్కటీ చాలు, చదివేవాళ్ళూ ఉండరు. అందుకే ఈ పాత నోటుపుస్తకం బయటికి తీశాను.

అక్కకి నా మీద కోపం లేదు. ఇది మాత్రం రాసిపెట్టుకుంటున్నాను. కోపం లేదు, తీరిక లేదంతే.

జూన్ 4

తీరిక లేదంతే.

జూన్ 7, శనివారం

మధ్యాహ్నం రెండు గంటలకి ఇల్లు ఒక రకంగా అయిపోతుంది. కిటికీలోంచి ఎండ నేల మీద పడి మెల్లగా గోడవైపు పాకుతుంది. మిషను చప్పుడు ఆగి ఆగి వినిపిస్తుంది. నేను మెలకువగా ఉన్నానో నిద్రపోతున్నానో నాకే తెలియదు. ఇవాళ ఆ చప్పుడు వింటూ పడుకుంటే మూడేళ్ళ కిందటి సంగతి గుర్తొచ్చింది.

మా ఆఫీసు మూసేశారు. అక్కడ నా పని ఫోనెత్తడం. మిక్సీ తిరగడం లేదనీ, ఫ్రిజ్ మూలుగుతోందనీ జనం తిట్టే తిట్లన్నీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెవిలో పోయించుకుని, చివర "ఇంకేమైనా సహాయం కావాలాండీ" అనడం. పదకొండేళ్ళు అన్నాను. ఆ పని కాస్తా పోయాక నలభై రోజులు ఈ మంచం మీదే గోడవైపు తిరిగి పడుకున్నాను. అక్క ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టేది, కంచం తీసేది. ఒక రోజు గుడ్లు ఉడకబెట్టే చిన్న యంత్రం ఎక్కణ్ణుంచో తెచ్చి, నా మంచానికెదురుగా నేల మీద పెట్టుకుని కూర్చుంది. పెట్టెలో ఉన్న కాగితం చదవలేదు. గుడ్లు పెట్టే గుంటల్లో నీళ్ళు పోసింది, నీళ్ళు పోసే చోట గుడ్డుని కూర్చోబెట్టింది, అది కూర్చోనని మొరాయిస్తే దాన్ని బుజ్జగించింది. నేను చూస్తూనే ఉన్నాను, నోరు మెదపలేదు. చివరికి గుడ్డు ఠాప్‌మని పేలింది. నలభై రోజుల్లో మొదటిసారి నవ్వాను. నవ్వి, లేచి కూర్చుని, జరిగింది జరిగినట్టు రాశాను.

'అక్క చేతి పరీక్ష' బ్లాగు అలా మొదలైంది. పద్ధతి కూడా ఆ రోజుదే, ఇప్పటిదాకా మార్చలేదు. సీలు తియ్యని పెట్టె అక్క చేతికిస్తాను. అక్క కిటికీ దగ్గర కుర్చీలో, ముందు చిన్న బల్ల. నేను ఆమెకి కుడిపక్క మూల, పీట మీద, నోటుపుస్తకంతో. సాయం చెయ్యకూడదు, సైగ చెయ్యకూడదు, నోరు విప్పకూడదు. అక్క ఏం చేస్తే అది, ఎంతసేపు చేస్తే అంతసేపు, తేదీ వేసి రాయాలి. బ్లాగు నెత్తిన పెద్ద అక్షరాలతో ఉంటుంది: అక్కకి రాకపోతే తప్పు అక్కది కాదు, వస్తువుది. ఆ మాట నచ్చే జనం వచ్చారు. జనం వెనకాల ప్రకటనలు వచ్చాయి. మా బ్లాగులో చూసి వస్తువు కొంటే మాకింత వాటా అంటూ కంపెనీలు వచ్చాయి. రెండేళ్ళుగా ఇంటి అద్దె నేనే ఇస్తున్నాను. ఆ మాట అనుకుంటే చాలు, నడుము నిటారుగా అవుతుంది.

అక్క బ్లాగు చదవదు. తన గురించి ఏం రాస్తానో ఆమెకి తెలియదు. తెలియదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

జూన్ 9, సోమవారం

ఫోన్ల షాపుకి వెళ్ళాను. షాపాయన నన్ను చూడగానే మొహం చాటంత చేసుకున్నాడు.

"రండి రండి! మొన్నామధ్య అక్కగారొచ్చారండీ, చార్జరు కోసం. ఆ అక్క ఈ అక్కేనని నాకేం తెలుసు, మాటల్లో బయటపడింది. ఇంక ఊరుకుంటానా? ఆ స్పీకరు కథ షాపులో అందరికీ చదివి వినిపించాను. పడీపడీ నవ్వామనుకోండి. ఒకాయనకైతే పొలమారింది."

"అక్క నవ్విందా?"

"నవ్వారండీ. మొదట నవ్వారు. తర్వాత ఆ డబ్బా దగ్గరి ముక్క ఇంకోసారి చదవమన్నారు. చదివాను. తర్వాత ఏం పని గుర్తొచ్చిందో ఏమో, చార్జరు తీసుకోకుండానే వెళ్ళిపోయారు."

చార్జరు నా చేతిలో పెట్టాడు. సంచీలో వేసుకుని వచ్చేశాను.

స్పీకరు కథ మేలో రాసింది. మనం చెప్పింది విని జవాబిచ్చే స్పీకరు, నల్లగా, గ్లాసంత ఉంటుంది. అక్క దాన్ని తీసి బల్ల మీద పెట్టింది, వైరు తగిలించింది, కిందపడిన కాగితం కోసం వంగి లేచింది. లేచాక స్పీకరుకి ఎదురుగా కాకుండా, దానికి జానెడు ఎడంగా ఉన్న తన కత్తెరల డబ్బాకి ఎదురుగా సర్దుకు కూర్చుంది. ఆ డబ్బా కూడా నలుపే. "ఏమ్మా, ఇవాళ వాన పడుతుందా?" అని డబ్బాని అడిగింది. పక్కనుంచి స్పీకరు, పడవచ్చంది. అక్క డబ్బావైపు చూసి తల ఊపింది. పాట పెట్టమంది, చాలు ఆపమంది, నీ గొంతు బావుందని మెచ్చుకుంది. ఆఖరికి గుడ్డ తీసుకుని డబ్బాని శుభ్రంగా తుడిచి, "మంచిదే, చెప్పిన మాట వింటుంది," అని తీర్పిచ్చింది. ఇరవై నిమిషాలు! నేను పెదవి కొరుక్కుంటూ రాశాను. ఎన్నడూ రానంత మంది ఆ వారం వచ్చి చదివారు.

అదన్నమాట సంగతి. నలుగురిలో నవ్వులపాలైంది. ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. నాలుగు రోజులు పోతే సర్దుకుంటుంది.

జూన్ 12, గురువారం

ఊడ్చే యంత్రం కంపెనీ నుంచి మూడో ఉత్తరం. 'అక్కగారి పరీక్ష కోసం మా ఆఫీసంతా ఎదురుచూస్తోంది.'

అక్క దారాలు కొనుక్కురావడానికి వెళ్ళింది. నేను యూనిఫాంలు పక్కనపెట్టి పెట్టె విప్పాను. రెండు నిమిషాల్లో యంత్రం నడిచింది. పదకొండేళ్ళు యంత్రాల గొడవలు విన్నదాన్ని, నాకు రాకపోవడమేమిటి? కానీ నాకొచ్చిందని రాస్తే ఎవరు చదువుతారు?

వెళ్ళి నా పీట మీద కూర్చున్నాను. ఎదురుగా ఖాళీ కుర్చీ. ఎండ దాని చేతి మీద పడుతోంది. కాసేపు చూశాను. ఇంకాసేపు చూశాను. అక్క వచ్చి కూర్చుంది. దయ్యమని కాదు, కలని కాదు. మూడేళ్ళు కళ్ళప్పగించి చూసిన చేతులు కదా, నేను రెప్పలు కాస్త వాల్చేసరికి అవి వచ్చి బల్ల మీద వాలాయి. యంత్రాన్ని తిరగేశాయి, మరగేశాయి. బరువు చూసుకునే మిషననుకుని అక్క దాని మీదెక్కి నిలబడింది. అది కదిలేసరికి "ఆగు నాయనా, ఇంకా అంకె చూడలేదు," అంది. కదిలి వెళ్తూ ఉంటే దానికి తాబేలని పేరు పెట్టింది. నా కలం ఆపినా ఆగలేదు.

బయట మెట్ల మీద నిజం అక్క అడుగుల చప్పుడు వినగానే తాబేలుని పెట్టెలో పెట్టేసి, యూనిఫాంలు అదే వరసలో పేర్చాను.

ఈ ఒక్కసారికే. అక్క మనసు కుదుటపడేదాకా.

జూన్ 13

తాబేలు కథ పెట్టాను. కింద ఒకావిడ రాసింది: 'ఇన్ని రోజులు అక్క లేక ఇల్లు బోసిపోయినట్టుంది.' నాకూ అంతేనమ్మా.

జూన్ 17, మంగళవారం

ఇంకో రెండు రాశాను. మెడ నొక్కే దిండు, సీసా మూతలు తీసే మర. ఆ రెండూ ఇంట్లో లేవు. బొమ్మలు చూశాను, కుర్చీ చూశాను, చాలు.

కుర్చీలోని ఆ అక్క ఈ మధ్య బాగా చురుగ్గా తయారైంది. మాటకి మాట అంటించేస్తుంది. దిండు మెడ నొక్కుతుంటే, "ఇంత ప్రేమగా పీక పిసికేది నువ్వొక్కదానివే," అంది. రాస్తూ రాస్తూ పైకే నవ్వేశాను. పక్క గదిలో మిషను ఆగింది. కాసేపాగి మళ్ళీ మొదలైంది.

ఈ అక్క మాత్రం ముభావంగా ఉంటోంది. ఎదురుపడ్డా పలకరించదు. నిన్న వరండాలో చెయ్యెత్తి పిలిచాను, పక్కనుంచే వెళ్ళిపోయింది. టీ గ్లాసు బల్ల అంచున, కాదు, అంచు అవతలే పెట్టింది, నేల మీద పడి పగిలింది. నా మీది కోపం గ్లాసుల మీద చూపిస్తోంది. ఈ లెక్కన కొత్త గ్లాసులు కొనాలి.

మధ్యాహ్నం నిద్రలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఒక అక్క నన్ను చూసి నవ్వుతోంది. రెండో అక్క అసలు నావైపే చూడడం లేదు. నేను ఇక్కడున్నాను, ఇక్కడున్నాను అని అరుస్తున్నాను. గొంతు రావడం లేదు, కలం మాత్రం గీకుతోంది.

జూన్ 20, శుక్రవారం

కంపెనీ అమ్మాయి ఫోన్ చేసింది. తేనెలో ముంచి తీసిన గొంతు.

"మేడమ్, మా వాళ్ళందరికీ అక్కగారంటే పిచ్చండీ. తాబేలు అన్నారు చూడండి, మా ఆఫీసులో అందరం ఇప్పుడు దాన్ని అలాగే పిలుస్తున్నాం. ఒక్క వీడియో చేద్దాం మేడమ్. అక్కగారు కుర్చీలో కూర్చుని కొత్త పెట్టె విప్పుతారు, అంతే. ఏడాది పాటు మా వస్తువులన్నీ మీ బ్లాగుకే."

"అక్కకి కెమెరాలంటే..."

"మీరు చెప్తే కాదంటారా మేడమ్? ఒప్పుకున్నట్టేనా?"

"ఒప్పుకుంది," అన్నాను. ఒప్పుకుంటుంది అనబోయాను, నోట్లోంచి అలా వచ్చింది. వచ్చే నెల రెండో తారీకు వస్తారట.

ఇక లాభం లేదని సాయంత్రం అక్క దగ్గరికెళ్ళి కూర్చున్నాను. "నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేశానక్కా. తప్పైపోయింది," అన్నాను.

"నవ్వితే నవ్వారులే. నా సొమ్మేం పోయింది?" అంది. ఎవరి తప్పో మన్నించినట్టు కాదు, వేరే ఏదో ఆలోచిస్తూ అంది. అంటూనే కత్తెర కోసం బల్ల మీద తడుముతోంది. కత్తెర కుడిచేతి పక్కనే, తళతళలాడుతూ ఉంది. నా మీది కోపంతో దాన్ని కూడా చూడదలుచుకోలేదు. నేనే తీసి చేతికిచ్చాను.

"అక్కడే ఉందా?" అంది.

వీడియో సంగతి చెప్పలేదు. రేపు చెప్తాను.

జూన్ 21

రేపు.

జూన్ 24, మంగళవారం

అక్క పడిపోయింది.

పెద్ద దెబ్బేం కాదు. మోచెయ్యి కమిలింది, అంతే. ముందు ఆ మాట రాసుకుని తర్వాత మిగతాది రాస్తాను.

అక్క కొలతలు తీసుకోవడానికి కింది ఇంటికి వెళ్ళిందనుకుని తాబేలుని వదిలాను. అది కదులుతుండగా తీసిన ఫొటోలు కావాలన్నారు కంపెనీవాళ్ళు. అది కుయ్‌మంటూ వరండా అంచునుంచి ముందు గదిలోకి తిరిగింది. అదే సమయానికి అక్క తలుపు తీసుకుని వచ్చింది, చేతిలో బట్టలతో. తాబేలు ఆమె కుడివైపునుంచి వస్తోంది. నెమ్మదిగానే వస్తోంది, చప్పుడు చేస్తూనే వస్తోంది. అక్క ఎదురుగా గోడవైపు చూస్తూ నడిచి నడిచి, దాని మీద కాలేసింది.

ఇప్పుడు రాయబోయేది రాయకుండా ఉండాలని ఉంది. అక్క నేల మీద ఉంది. నా చెయ్యి ముందు కలం కోసం వెళ్ళింది. అక్క దగ్గరికి కాదు.

లేపి కూర్చోబెట్టాను. అక్క గోడకి ఆనుకుని, "ఇదెక్కణ్ణుంచి వచ్చిందే?" అంది.

"ఎదురుగానే వచ్చింది కదక్కా."

 అక్క పక్కన చెదిరిన బట్టల్ని చేత్తో తడిమి తడిమి దగ్గరికి తీసుకుంది. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. భయపడుతోంది. మా అక్క భయపడుతోంది.

జూన్ 25, బుధవారం

పొద్దున్నే నోటుపుస్తకాలన్నీ దించి చదివాను. బ్లాగులో రాసినవి కాదు, పీట మీద కూర్చుని గీకినవి.

డిసెంబరు: 'జ్యూసు మిషను. స్విచ్ కుడిపక్క ఉంది. అక్క పావుగంట వెతికింది, కంపెనీవాళ్ళు పెట్టడం మర్చిపోయారంది.' మార్చి: 'రంగులు మార్చే బల్బు. వెలిగించి వెనక్కి నడుస్తూ కుడి తలుపు రెక్కకి నుదురు కొట్టుకుంది.' ఏప్రిల్: 'ఇప్పుడు ప్రతి పెట్టెనీ ఎడమకి జరుపుకుని విప్పుతోంది. పెళ్ళికూతుర్ని తిప్పి తిప్పి చూసినట్టు.' మే: స్పీకరు, డబ్బాకి కుడిపక్క.

కుడి, కుడి, కుడి. తేదీలతో సహా. ఒక్కొక్కదాని పక్కన నేను గీసుకున్న చిన్న నక్షత్రం గుర్తు ఉంది, ఇక్కడ బాగా నవ్వుతారు అని.

మధ్యాహ్నం ముందు గదిలోకి వెళ్ళాను. అక్క మిషను మీద ఉంది, సూది దగ్గరే చూపు. చెప్పులు లేకుండా వెళ్ళి ఆమె కుడిపక్కన, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర నిలబడ్డాను. అక్క కుడుతూనే ఉంది. ఎండ గోడదాకా పాకింది. ఒక కాలరు పూర్తిచేసి దారం తెంపింది. ఇంకోటి తీసుకుంది. నేను అక్కడే ఉన్నాను. ఇంత దగ్గరగా ఉండి నేను ఆ గదిలో లేను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ముక్కు ఎగబీల్చాను కాబోలు, అక్క ఉలిక్కిపడి తల పూర్తిగా తిప్పింది.

"ఎప్పుడొచ్చావే?"

"ఇప్పుడే అక్కా," అన్నాను.

జూన్ 26, గురువారం

"కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం," అన్నాను.

"కళ్ళజోడు మార్పిస్తే సరిపోతుంది. పనెక్కువైంది, అంతే."

"అంతే అని నేను కూడా ఇరవై రోజులుగా అనుకుంటున్నాను. అంతే కాదక్కా."

అక్క మిషను ఆపింది. నావైపు తిరిగి, మామూలు గొంతుతో, "ఇంతకీ ఆ దిండెలా ఉందే?" అంది.

"ఏ దిండు?"

"మెడ నొక్కేది. నేను మెచ్చుకున్నానట కదా."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కర్టెన్లావిడ వారం వారం వచ్చి బ్లాగంతా చదివి వినిపిస్తుందట. మొదటి ఏడాది నుంచీ! ఆవిడకి ఇంట్లో అన్ని కిటికీలెక్కడివా అని ఎన్నిసార్లు అనుకున్నాను.

"అయితే నీకన్నీ తెలుసా? నేను నీ గురించి ఏం రాస్తున్నానో?"

"తెలుసు."

"మరి ఎప్పుడూ కోప్పడలేదే?"

"కోపమెందుకు? బాగానే రాస్తావు," అంది. "ఆ దిండు కథ మాత్రం బాలేదు. నేను అలా మాట్లాడను."

ఆ నవ్వులపాలు సంగతి కాకపోతే మరి షాపులోంచి అలా ఎందుకొచ్చేసింది? అడిగాను. అక్క దారం ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. దారం సూది బెజ్జంలోకి ఒక్కసారికే దూరింది. ఎదురుగా ఉన్నది అంత బాగా కనిపిస్తుంది ఆమెకి.

"శనివారం వెళ్దాంలే," అంది.

జూన్ 28, శనివారం

ఆసుపత్రిలో గోడలు లేత నీలం. అందరూ నెమ్మదిగా మాట్లాడుతున్నారు, చుక్కల మందు వేసుకున్నవాళ్ళు తలలు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుని వరసగా కూర్చున్నారు. ఊరంతా కలిసి ఒకే కల కంటున్నట్టుంది. అక్క నా చెయ్యి వదల్లేదు.

లోపల గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించారు. లోపల ఎక్కడో ఒక వెలుగు చుక్క వస్తుంది, కనబడినప్పుడల్లా చేతిలో మీట నొక్కాలి. అక్క బుద్ధిగా నొక్కింది. బయటికొచ్చాక "ఎలా ఉందక్కా?" అన్నాను, అలవాటు కొద్దీ.

"కనబడినవన్నీ నొక్కాను. కనబడనివి వచ్చాయో రాలేదో నాకెలా తెలుస్తుందే?" అంది.

డాక్టరమ్మ మా ఇద్దరి ఈడుదే. కాగితం చూపించింది. మధ్యలో తెలుపు, చుట్టూ నలుపు, కుడివైపు మరీ నలుపు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటోందట. నీటికాసులంటారట. పోయిన చూపు రాదు. మిగిలింది, మందు చుక్కలు తప్పకుండా వేస్తే, నిలబెట్టవచ్చు. కుట్టుపని చేసుకోవచ్చు. కానీ ఎంత వేగంగా తగ్గుతోందో తెలియాలి, దాన్నిబట్టి మందు.

"ఎప్పట్నుంచి పక్కచూపు తగ్గినట్టనిపించిందమ్మా?"

"ఈ మధ్యే," అంది అక్క.

నేను సంచీలోంచి నోటుపుస్తకాలు తీశాను. "తేదీలున్నాయండీ," అన్నాను. "పోయిన ఆగస్టు తొమ్మిది. టీ కెటిల్. టీ కప్పులో కాకుండా కప్పు పక్కన పోసింది."

డాక్టరమ్మ రాసుకోబోయింది.

"అది రాయకండి," అంది అక్క. నావైపు చెయ్యి చూపించి, "అది దీనికోసం," అంది.

"అంటే?"

"కావాలని పోశానండీ. కప్పు బాగానే కనబడింది."

నాకేమీ అర్థం కాలేదు. చదువుతూ పోయాను. అక్టోబరు, బరువు చూసే మిషను, ఒక కాలు నేల మీద పెట్టి బరువు తగ్గానని సంబరపడింది. "దీనికోసమే," అంది అక్క. డిసెంబరు, జ్యూసు మిషను స్విచ్. అక్క ఆలోచించింది. "అది నిజం. కనబడలేదు." డాక్టరమ్మ రాసుకుంది. ఫిబ్రవరి, ఫ్యాను రిమోటుని గోడగడియారానికి గురిపెట్టి నొక్కింది. "దీనికోసం." మార్చి, తలుపు రెక్క. "నిజం."

"నువ్వు కూడా నవ్వావు కదక్కా ఆ రోజు," అన్నాను.

"నొప్పికి నవ్వాను."

"మిగతావి ఎందుకు కావాలని..." అన్నాను.

అక్క డాక్టరమ్మకే చెప్పింది, నాకు కాదు. "ఇది ఆ మూల కూర్చుంటే నాకు కనబడదండీ. కలం మాత్రం వినబడుతుంది. నేను తప్పు చేస్తే గబగబా పరిగెడుతుంది. సరిగ్గా చేస్తే ఆగిపోతుంది. ఆగిపోతే నాకు కంగారు. పని పోయినప్పుడు నలభై రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. నేను వెనకనుంచి వీపే చూశాను. మళ్ళీ అలా పడుకుంటుందేమోనని."

డాక్టరమ్మ కాసేపు కాగితం సర్దుకుంది. నేను పేజీ తిప్పాను. అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి. "మే పద్దెనిమిది. స్పీకరు..."

అక్క కాగితం మీది నలుపువైపు తల తిప్పింది.

"అది కూడా నాకోసమే కదక్కా?" అన్నాను. అవునను, అవునను అని లోపల మొక్కుకుంటున్నాను.

"అది నాకు తెలియనే తెలియదు," అంది. "దానితోనే మాట్లాడాననుకున్నాను. కర్టెన్లావిడ ఆ వారం రాలేదు. షాపులో ఆయన చదువుతుంటే తెలిసింది, నేను డబ్బాతో మాట్లాడానని. ఇంకోసారి చదివించుకున్నాను, సరిగ్గా విన్నానో లేదో అని. చుట్టూ అందరూ నవ్వుతున్నారు. పక్కన ఇంకా ఏమేం ఉన్నాయో, నేనింకా వేటితో మాట్లాడుతున్నానో అనిపించింది."

డాక్టరమ్మ ఆ తేదీ రాసుకుని కింద గీత గీసింది.

ఇరవై నిమిషాలు. చేతికందేంత దూరంలో కూర్చుని ఇరవై నిమిషాలు నేను నోరు మెదపలేదు. పద్ధతి కదా.

జూన్ 29

చుక్కలు: పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి. రెండు కళ్ళకీ.

జూన్ 30, సోమవారం

కంపెనీ అమ్మాయికి ఫోన్ చేసి వీడియో లేదని చెప్పాను. అక్క ఒప్పుకోలేదా మేడమ్ అంది. నేను అడగనే లేదన్నాను. తేనె ఇంకిపోయింది. తాబేలుని వెనక్కి పంపేయమంది. ఏడాది పాటు రావాల్సినవి ఇక రావు. అద్దె సంగతి ఆలోచించాలి.

కుర్చీలో ఎవరూ లేకుండా రాసిన మూడు కథలూ తీసేశాను. ఎందుకు తీశానో కూడా రాశాను, ఉన్నదున్నట్టు. ఎంతమంది వెళ్ళిపోతారో చూడాలి. అదే చేత్తో స్పీకరు కథ కూడా తీసేశాను.

అక్కతో చెప్తే మొదటివాటికి సరేనంది. స్పీకరు అనేసరికి మిషను ఆపింది.

"అదెందుకు తీశావే?"

"చూడలేకపోతున్నానక్కా."

"అది విన్నాకే కదే నాకు తెలిసింది. లేకపోతే ఇంకో ఏడాది డబ్బాలతో కబుర్లు చెప్పుకుంటూ కూర్చునేదాన్ని. మళ్ళీ పెట్టు. అక్షరం మార్చకు. కింద ఒక్క మాట మాత్రం రాయి."

"ఏమని?"

"అక్కకి ఆ రోజు స్పీకరు కనబడలేదు అని."

కంప్యూటరు తెచ్చుకుని అక్కకెదురుగా కూర్చున్నాను. స్పీకరు కథ మళ్ళీ పెట్టాను. కింద కొత్త వరస మొదలుపెట్టాను. 'అక్కకి' అని కొట్టాను. 'ఆ రోజు' అని కొట్టాను. అక్క కుట్టడం మానేసి నావైపే చూస్తోంది. మిగతా రెండు మాటలూ కొట్టడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో లేచి మంచినీళ్ళు తాగొచ్చాను.

"చప్పుడు ఆగిపోయిందేమే?" అంది.

"అయిపోయిందక్కా."

"ఒక్క వాక్యానికి ఇంతసేపా?" అంది అక్క.